చీరల కొట్టులో 41 ఏళ్ళు పనిచేసిన మా నాన్న గురించి ఏం రాయాలి?

గోదావరి_పిల్ల అడిగారు:

అందరికీ నమస్కారం. చదివేసి చప్పుడు చేయకుండా వెళ్ళిపోయే బాపతు నేను, ఇక్కడ రాయడం ఇదే మొదలు. కాస్త పెద్దగా ఉంటుంది, ఓపిక ఉన్నవాళ్ళు చదవండి.

మా నాన్నగారు పోయి వచ్చే నెలకి ఏడాది. సంవత్సరీకాలకి వచ్చినవాళ్ళకి స్టీలు గిన్నెలివ్వాలా, డబ్బాలివ్వాలా అని మా పెద్దమ్మావాళ్ళు మాట్లాడుకుంటుంటే నేనే నోరు జారాను, నాన్న గురించి చిన్న పుస్తకం వేద్దాం, ఫొటోలు పెట్టి ఒక ముప్పై పేజీలు అని. అందరూ సరే అన్నారు, రాసే పని మాత్రం నా నెత్తిన పడింది. హైదరాబాదులో ఉద్యోగం నాది, రోజంతా ఈమెయిళ్ళు రాయడమే పని. అలాంటిదాన్ని మూడు ఆదివారాలు కూర్చుంటే వచ్చింది రెండంటే రెండు లైన్లు. "మా నాన్నగారు కష్టజీవి. కుటుంబమే ఆయన లోకం." ఎవరి నాన్న గురించైనా సరిపోతుంది ఇది. మా వీధి చివర ఫ్లెక్సీ మీద ఎవరో తాతగారి ఫొటో కింద అక్షరం పొల్లు పోకుండా ఇదే ఉంది.

నాన్న రాజమండ్రిలో ఒకే చీరల కొట్టులో 41 ఏళ్ళు సేల్స్‌మన్. 1979లో టీలు తెచ్చే కుర్రాడిగా చేరారు, 2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టిన రోజు ఇంటికొచ్చారు, మళ్ళీ వెళ్ళలేదు. పొద్దున్న తొమ్మిదిన్నరకి సైకిలెక్కితే రాత్రి పదికి రావడం, కాళ్ళు కడుక్కుని, అన్నం తిని, రేడియో పెట్టుకుని పడుకోవడం. ఇంట్లో మాటలు తక్కువ. ఎవరైనా ఎలా ఉన్నారండీ అంటే "వెంకటరమణుని దయతో బాగానే ఉన్నాం" అనేవారు, జ్వరంతో మూలుగుతున్నా అదే మాట. జీవితంలో ఒక్కరికి రూపాయి బాకీ పడలేదు, 2003 పుష్కరాల నెలలో పాలవాడికి తప్ప. ఆ ఒక్కటీ అమ్మ ఇప్పటికీ చెప్తూనే ఉంటుంది, పుట్టింటి నుంచి పదకొండు మంది దిగి కాఫీలు తాగి తాగి నాన్నకి తలవంపులు తెచ్చారని.

కానీ కొట్టులో ఆయన వేరే మనిషి. నాకు పదేళ్ళప్పుడు క్యారేజీ ఇవ్వడానికి వెళ్ళి చూశాను. తెల్ల దుప్పటి పరిచిన పరుపు మీద కూర్చుని, మడత ఎడం చేత్తో పట్టి కుడి చేత్తో ఒక్క విదిలింపు విదిలిస్తే చీర నీళ్ళలా పారి, కొంగు సరిగ్గా ఎదురుగా కూర్చున్నావిడ మోకాళ్ళ దగ్గర ఆగింది. తర్వాత ఇంకో చీర తన భుజం మీదే వేసుకుని, ఇలా పడుతుందమ్మా అంచు, అని చూపించారు. ఎవరూ నవ్వలేదు. నాకే సిగ్గేసి క్యారేజీ అక్కడ పెట్టి పరిగెత్తుకొచ్చేశాను. ఆయన దగ్గర నేర్చుకోవాల్సింది ఏదో ఉందని అప్పుడే తెలియాల్సింది, తెలియలేదు.

అడిగేదేమిటంటే, ఇలాంటి మనిషి గురించి ఏం రాస్తారు? అవార్డుల్లేవు, ఊరేగింపుల్లేవు, పేపర్లో ఫొటో లేదు. మీ ఇళ్ళలో కూడా అమ్మకాల పని చేసినవాళ్ళుంటే మీకు ఏం గుర్తుంది, ఎవర్ని అడిగారు, ఎలా పోగేశారు, చెప్పండి.

రెండు_ఇడ్లీ రాశారు:

ముందుగా మీ నాన్నగారికి నమస్కారం. మీరే రాసేశారు కదండీ! ఆ కొంగు మోకాళ్ళ దగ్గర ఆగిన ముక్కతో మొదలుపెట్టండి, "కష్టజీవి" కొట్టేయండి. ఇంకో మాట, ముప్పై పేజీలనకండి, ప్రెస్సు వాళ్ళు పదహారు, ముప్పై రెండు లెక్కలో వేస్తారు, ముప్పై రెండు చేయండి, రెండు పేజీలు ఖాళీగా వదిలి వచ్చినవాళ్ళని వాళ్ళకి గుర్తున్నది అందులో రాయమనండి.

తాడితోట_పాతకాపు రాశారు:

అమ్మా, నేను తాడితోట హోల్‌సేల్ బట్టల మార్కెట్లో 33 ఏళ్ళు పనిచేసి ఇంట్లో కూర్చున్నవాణ్ణి. నువ్వు ఏ కొట్టో చెప్పలేదు, నేనూ అడగను, కానీ ఆ రోజుల్లో మెయిన్ రోడ్డు కొట్లలో సీనియర్ సేల్స్‌మన్లు చాలామంది సరుకు చూడ్డానికి మా దగ్గరికి వచ్చేవారు కాబట్టి మీ నాన్నగారికి నేను టీ పోయించే ఉంటాను.

నువ్వు బయట నుంచి చూశావు, లోపలి సంగతి నేను చెప్తా. చీరలమ్మడం అంటే మాట్లాడ్డం అనుకుంటారు జనం. ఎక్కువ మాట్లాడేవాడు మంచి సేల్స్‌మన్ కాడు. మాకు చేరిన కొత్తలో పెద్దాయన ఒకరు చెప్పింది ఏమిటంటే, ఆడవాళ్ళు పది చీరలు పక్కన పెట్టి కబుర్లు చెప్తూనే ఒకదాన్ని తాకుతారు, అది పట్టించుకోకు, చెయ్యి రెండోసారి ఎక్కడికి వెళ్ళిందో చూడు, చీర అదే. మిగతావి మెల్లిగా వెనక్కి లాగేయ్, ఆ ఒక్కటీ కళ్ళ ముందు ఉంచు. ఇంకోటి, ధర చెప్పే ముందు వచ్చినవాళ్ళలో డబ్బులిచ్చేది ఎవరో కనిపెట్టాలి. పెళ్ళికూతురు చూసేది ఒకటి, తల్లి చూసేది ఒకటి, మేనత్త చూసేది పక్కింటి వాళ్ళు ఎంత పెట్టారన్నది. ముగ్గురికీ ఒకే చీర నచ్చేట్టు చేయాలి. కలెక్టరు ఉద్యోగం కంటే కష్టం అది, నవ్వకు.

సరుకు గురించి చదువు వేరే. గద్వాల అంటే ఒళ్ళు నూలు, అంచూ కొంగూ పట్టు, అవి ఒంటితో కలిసే అతుకు దగ్గర వేలు పెట్టి చూపించాలి. పోచంపల్లి అంటే నేశాక అద్దకం కాదు, నేయకముందే పోగుకి రంగు వేస్తారని చెప్పాలి, అందుకే ఆ గీతల చివర్లు కాస్త చెదిరినట్టుంటాయి, అది లోపం కాదు. మన ఉప్పాడ జామ్‌దానీ తిరగేసి చూపిస్తే రెండో వైపు కూడా బుటా శుభ్రంగా కనిపించాలి. 2004లో సిల్క్ మార్క్ వచ్చేదాకా అసలు పట్టేదో నకిలీ ఏదో చెప్పడానికి సేల్స్‌మన్ మాటే పూచీ. మరీ అనుమానం వస్తే అంచు నుంచి ఒక పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చేవాళ్ళం. వెంట్రుక కాలిన వాసన వచ్చి బూడిద పొడి అయితే పట్టు, ఉండలా గట్టిపడితే పాలిస్టర్. చాలామంది ఆ ఊళ్ళలో అడుగు పెట్టినవాళ్ళు కారు, మీ నాన్నగారూ అంతే అయ్యుంటారు, కానీ చీర చూసి ఊరు చెప్పేవాళ్ళు.

ఇక రాత్రి పని ఎవరూ చూడరు. షట్టరు సగం దించాక పరుపు మీద గుట్టపడ్డ చీరలన్నీ మళ్ళీ మడతలెయ్యాలి. ఒక్కోటి అయిదున్నర మీటర్లు, జాకెట్టు ముక్కతో కలిపితే ఆరు దాటుతుంది. సీజన్లో రోజుకి వంద పైన. పాత మడత మీదే పడాలి. మీ ఇంట్లో దుప్పట్లు ఆయన మడతపెడితే ఎలా ఉండేవో గుర్తుచేసుకో.

పుస్తకానికి నా సలహా ఒకటే, ఇంట్లో వాళ్ళని అడిగింది చాలు, ఆయన పక్కన కూర్చున్నవాళ్ళని పట్టుకో. కొట్టులో ఇంకా ఎవరో ఒకరు ఉంటారు. చిన్న డైరీ కూడా ఉండే ఉంటుంది, వెతుకు. మా తరంలో డైరీ లేని సేల్స్‌మన్ లేడు.

ఎమ్మార్_కొడుకు రాశారు:

మాది కర్నూలు. మా నాన్న మెడికల్ రెప్, 80ల్లో, 90ల్లో. ఆదోని, ఎమ్మిగనూరు, డోన్, నంద్యాల, నెలకి పన్నెండు పదమూడు రోజులు బయటే. మీ పోస్టు చదివాక ఆఫీసులో పని కాలేదు, నిజం చెప్తున్నా.

నాన్న పోయాక నేనూ ఇలాగే మొదలుపెట్టి ఆగిపోయినవాణ్ణే. చివరికి ఎక్కడ దొరికిందంటే, మా ఇంట్లో వస్తువుల్లో. నేను పదో తరగతి దాకా కొన్న రఫ్ నోటు పుస్తకం ఒక్కటి లేదు, అన్నీ కంపెనీ ప్యాడ్లే, ప్రతి కాగితం పైనా ఏదో ఒక మాత్ర పేరు. లెక్కలు చేసుకున్నది యాంటీబయాటిక్ కింద, ప్రేమలేఖ రాసుకున్నది అజీర్తి మందు కింద (ఇవ్వలేదు లెండి). గోడ గడియారం దగ్గు సిరప్పుది, పెన్ స్టాండు నొప్పుల బిళ్ళది. వాటిని ఒక్కొక్కటిగా ఫొటోలు తీసి, ఒక్కోదాని కింద నాలుగు లైన్లు రాసుకుంటూ పోయా. నాన్న గురించి రాయాలి అని కూర్చుంటే రాదు. గడియారం గురించి రాస్తే నాన్న వచ్చేస్తాడు.

బయట జనానికి రెప్ అంటే టై కట్టుకున్నవాడు. లోపల బతుకు వేరు. పొద్దున బస్సు, లాడ్జిలో స్నానం, డాక్టరు గారి ఓపీ అయ్యేదాకా బయట బెంచీ, లోపలికి పిలిస్తే దొరికేది రెండు నిమిషాలు. ఆ రెండు నిమిషాల కోసం నాన్న ఆదివారం అద్దం ముందు నిలబడి ఇంగ్లీషులో చెప్పుకునేవాడు, మా చెల్లెలు డాక్టరుగా కూర్చుని "నెక్స్ట్" అనేది. రాత్రి పది దాటాక ఆ రోజు ఏ డాక్టర్ని కలిశాడో, ఏ శాంపిల్ ఇచ్చాడో కార్బన్ పేపరు పెట్టి రిపోర్టు రాయాలి, టార్గెట్ తగ్గితే నెలాఖరుకి ఇంట్లో కూర పెట్టేటప్పుడే అమ్మకి తెలిసిపోయేది. రెప్‌ల పని పరిస్థితుల కోసం అప్పట్లో ప్రత్యేక చట్టమే ఉండేది, 1976లో వచ్చింది, యూనియన్లు కొట్లాడి తెచ్చుకున్నవి చాలా ఉన్నాయి. నాన్న ఆ చట్టం కాపీ జిరాక్సు బ్యాగులో డాక్టర్ల లిస్టు పక్కనే పెట్టుకు తిరిగేవాడు. మేనేజరు మీద ఎప్పుడూ ప్రయోగించలేదనుకోండి, ఉందన్న ధైర్యం.

పాతకాపు గారు చెప్పినదాంట్లో ఒకటి వంద శాతం నిజం, పక్కవాళ్ళని అడగాలి. ఒక ఊళ్ళో కాంపౌండరు గారిని కలిస్తే ఆయనకి నాన్న ఏ కంపెనీయో గుర్తులేదు. కానీ బెంచీ మీద ఎదురుచూసే మూడు గంటలూ నాన్న ఏం చేసేవాడో చెప్పాడు. పల్లెల నుంచి వచ్చిన ముసలివాళ్ళ చీటీలు తీసుకుని ఏ మాత్ర ఎప్పుడు వేసుకోవాలో స్ట్రిప్పు మీద పెన్నుతో సూర్యుడు, చంద్రుడు బొమ్మలు వేసి ఇచ్చేవాడట. పొద్దున మాత్రకి సూర్యుడు, రాత్రి మాత్రకి చంద్రుడు. తన కంపెనీ మందు కాకపోయినా. ఇది మా అమ్మకి కూడా తెలీదు. ఇంట్లో ఎందుకు చెప్పలేదో మరి. చెప్పుకోవాల్సిన విషయం అనిపించి ఉండదు.

ఓరుగల్లు_ఆడబిడ్డ రాశారు:

అందరూ మంచివే చెప్తున్నరు, నేను కొంచెం వేరే చెప్త, ఏమనుకోకండి అక్కా.

మా బాపు వరంగల్‌ల బట్టల దుకాణంల పనిచేసిండు, సేల్స్‌మనే. మాకు పండుగ అంటే బాపు లేని రోజు. దసరాకి ముందు పదిహేను రోజులు ఆయన మొఖం చూసుడే గగనం. సద్దుల బతుకమ్మ నాడు వాడంతా కొత్త చీరలు కట్టుకుని బయలుదేరితే, అందుట్ల సగం మా బాపు చూపించినవే అయి ఉంటయి, మా అమ్మ మాత్రం ఆయన కోసం గేటు కాడ నిలబడేది. రాత్రి పదకొండింటికి వచ్చి, చెప్పులు ఇప్పకముందే నిద్రపోయేటోడు. నాకు ఆయన మీద కోపం ఉండె, చాలా ఏండ్లు. పండుగ పూట ఎవరో ఆడవాళ్ళ ముంగట నవ్వుకుంట కూర్చునేందుకు టైం ఉంటది గని మాకు ఉండదా అని. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గు అయితది గని అప్పుడు కోపం నిజమే కదా. మీరు రాసేటప్పుడు అది కూడా రాయండి. దేవుణ్ణి చేసి గోడకు తగిలిస్తే మనిషి కనపడడు.

కాళ్ళ సంగతి కూడా రాయండి. బాపు దుకాణంల పరుపులు లేవు, పొద్దటి నుంచి రాత్రి దాకా నిలబడుడే. గిరాకీ లేకున్నా కూర్చోవద్దు, కూర్చుంటే ఓనరు చూపు. నలభై ఐదేండ్లకే పిక్కల మీద నరాలు తాళ్ళ లెక్క ఉబ్బినయి. కేరళల 2018ల దుకాణాల చట్టం మార్చి పనోళ్ళకు కూర్చునే హక్కు ఇచ్చిన్రు, తమిళనాడుల 2021ల ఇచ్చిన్రు. వార్త ఫోన్ల చదివి వినిపిస్తే బాపు, "కూర్చుంటే మరి పై అర చీర ఎవడు తీస్తడు" అన్నడు. నాకైతే నవ్వు రాలే.

గోదావరి_పిల్ల రాశారు:

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. ఓరుగల్లు చెల్లీ, నువ్వు రాసింది చదివి చాలాసేపు ఊరికే కూర్చున్నా. మా ఇంట్లోనూ శ్రావణమాసం అంతే. వరలక్ష్మీ వ్రతం రోజు నాన్న ఇంట్లో భోంచేసిన జ్ఞాపకం ఒక్కటి లేదు.

పాతకాపు గారూ, డైరీ ఉంది! శనివారం రాత్రి బస్సెక్కి ఊరొచ్చా. బీరువా పైన అట్టపెట్టెలో ఒకటి కాదు, తొమ్మిది, అన్నీ జేబులో పట్టేంత చిన్నవి. అమ్మ అవన్నీ పద్దులనుకుని ఎప్పుడూ తెరవలేదట. పద్దులు కావు, మనుషులు. నాన్న చేతిరాత చీమల బారులా ఉంటుంది, కొన్ని దింపుతున్నా చూడండి.

"కోరుకొండ పెద్దావిడ. జరీ చేతికి గరుకు తగిలితే ఒప్పుకోదు. మెత్తని అంచు."

"కడియం నర్సరీ వారు. ముగ్గురు కోడళ్ళు. ఒకే ధరవి మూడు తీయాలి, ఒకే రంగువి కాదు."

"సీతానగరం మాస్టారి భార్య. ఆయన పోయారు. రంగుల గురించి మనం ఎత్తకూడదు. ఆవిడే అడిగితే లేత ఆకుపచ్చ."

ఈ మూడోది చదివి అమ్మా నేనూ ఒకళ్ళ మొహం ఒకళ్ళం చూసుకోలేదు.

కానీ ఒకటి అర్థం కావట్లేదు. చాలా చోట్ల చీర పేరు పక్కన విడివిడిగా అక్షరాలు రాశారు. "ఉప్పాడ, నెమలికంఠం, ట మ త" అని పక్కన చుక్క. ఇంకో చోట "వెంకటగిరి, య ణ త". మా అక్క నిశ్చితార్థం చీరకి, అంటే 2009లో, చీటీ ఇంకా దారంతో వేలాడుతోంది, దాని మీద "క మ ణ త" అని ఉంది. అమ్మ గద్వాల చీర ఒకటి ఉంది, పుష్కరాలప్పుడు నాన్న తెచ్చింది, డ్యామేజీ పీసు, ఎక్కడో పోగు తప్పింది, 650కి ఇచ్చేశారు అని తెచ్చారట. అమ్మ ఇరవై ఏళ్ళుగా వెతుకుతోంది, ఆ తప్పిన పోగు ఇంతవరకు కనపడలేదు. దాని చీటీ మీద "వ ద మ త". తొమ్మిది డైరీలూ తిరగేసి అక్షరాలన్నీ ఏరాను, త, ద, క, మ, ణ, ట, య, వ, న, ర, ఇవి తప్ప వేరే లేవు. మంత్రమా ఏమన్నానా?

తాడితోట_పాతకాపు రాశారు:

హహ. మంత్రమేనమ్మా, లక్ష్మీదేవి మంత్రం. అది కొన్న ధర. గిరాకీ ముందు చీటీ మీద అసలు ధర అంకెల్లో రాస్తే ఇంకేమన్నా ఉందా? బేరం చేసేటప్పుడు ఎంతవరకు దిగొచ్చో సేల్స్‌మన్‌కి తెలియాలి, ఎదుటివాళ్ళకి తెలియకూడదు. అందుకని షావుకార్లు పది అక్షరాల మాట ఒకటి పెట్టుకుంటారు, అందులో ఏ అక్షరం రెండోసారి రాకూడదు. మొదటి అక్షరం ఒకటి, రెండోది రెండు, అలా తొమ్మిది దాకా వెళ్ళి పదోది సున్నా. చుక్క అంటే ముందున్న అక్షరమే మళ్ళీ అని, అన్ని కొట్లలో అలాగే ఉండదు గానీ మా దగ్గరా అదే పద్ధతి. మాట కొట్టు కొట్టుకీ మారుతుంది, ఎక్కువగా దేవుడి పేరే. మా షావుకారు వాడింది చెప్పను, ఆ కొట్టు ఇంకా నడుస్తోంది.

నువ్వు ఏరినవి సరిగ్గా పది ఉన్నాయి చూశావా. వాటిని ఒక మాటగా పేర్చాలి. గుణింతాలు తీసేసి రాస్తారు, అది గుర్తుపెట్టుకో. షావుకారు ఇలవేల్పు ఎవరో, గల్లాపెట్టె తెరిచేటప్పుడు ఏమనేవాడో అమ్మగారిని అడుగు. మీ నాన్నగారి నోట్లో కూడా ఆ మాట నానుతూ ఉండాలి, 41 ఏళ్ళు రోజుకి రెండొందల సార్లు మనసులో అనుకున్న మాట ఎక్కడికి పోతుంది.

నేను కనిపెట్టేశాననుకుంటున్నా, నీ మొదటి పోస్టులోనే ఉంది. చెప్పను. నువ్వే చూసుకో.

రెండు_ఇడ్లీ రాశారు:

నేనూ కనిపెట్టా! పాతకాపు గారూ మీరు మామూలోళ్ళు కాదండీ బాబూ.

గోదావరి_పిల్ల రాశారు:

నిన్న రాత్రి పన్నెండింటికి అర్థమైంది. అర్థమైంది నాకు కూడా కాదు, అమ్మకి. నేను కాగితం మీద అక్షరాలు అటూ ఇటూ మారుస్తుంటే అమ్మ మందులేసుకుంటూ వచ్చి వంగి చూసి, "ఇదేమిటే, మీ నాన్న అందరికీ చెప్పేదేగా" అంది. వెంకటరమణుని దయతో. వ క ట ర మ ణ న ద య త. ఎలా ఉన్నారని అడిగినవాళ్ళందరికీ ఆయన ఒకటి నుంచి సున్నా దాకా లెక్కపెట్టి చెప్పేవారన్నమాట! భక్తి కాదని అనను, శనివారం ఒంటిపూట ఉండేవారు, అదీ నిజమే.

ముందు సరిచూసుకుందామని అక్క చీర తీశాం. క మ ణ త అంటే 2,560. అక్క నిశ్చితార్థం బిల్లు అమ్మ దాచింది, 3,200. కొన్న ధర మీద సరిగ్గా పాతిక శాతం. సొంత కూతురి చీరకి కూడా షావుకారు ధరకే బిల్లు వేయించుకున్నారు, పైసా తగ్గించమని అడగలేదు. అది చూసి అక్కకి ఫోన్ చేస్తే కాసేపు తిట్టింది, కాసేపు ఏడ్చింది.

తర్వాత అమ్మ గద్వాల. వ ద మ త. 1,850.

డ్యామేజీ లేదు, పాడూ లేదు. అప్పటికి నాన్న జీతం నెలకి మూడు వేలు లేదు. 650 అని చెప్పి 1,850 పెట్టారు, అది కూడా కొట్టువాళ్ళు కొన్న ధరకే ఇస్తే. అడిగితే వద్దంటుందని ఆ తప్పిన పోగు కథ అల్లి ఉంటారు. అమ్మ చీటీని బల్ల మీద దీపం కిందకి తీసుకెళ్ళి నాలుగక్షరాలూ వేళ్ళ మీద మళ్ళీ లెక్కపెట్టింది, నేను తప్పు చెప్పానేమోనని. ఏడుస్తుందేమో అనుకున్నా. ఏడవలేదు. వేళ్ళ మీద ఇంకేదో లెక్క వేసుకుంటూ కూర్చుంది, నెల గుర్తుచేసుకుంది, ఆఖరికి నా వైపు తిరిగి అంది:

"అయితే ఆ నెల పాలవాడి బాకీ ఇదన్నమాట. మావాళ్ళు కాఫీలు తాగేశారని ఇరవై ఏళ్ళు పడ్డాను కదే నేను!"